మురుగు పైపు పగిలింది, సంపు పాడైంది: "అనుకోకుండా జరిగింది" అంటే బాధ్యత తీరిపోతుందా?

మూడో_అంతస్తు | సోమవారం, రాత్రి 9:42

మాది బెంగళూరులో తూర్పు వైపు 46 ఇళ్ల అపార్ట్‌మెంట్. ఈ ఏడాది అసోసియేషన్ కోశాధికారి పదవి నా నెత్తిన పడింది కాబట్టి ఈ గోడు కూడా నేనే వెళ్లబోసుకుంటున్నాను.

పదహారు రోజుల కిందటి మాట. శుక్రవారం రాత్రంతా వాన. మా వీధి మలుపులో మురుగునీటిని పైకి తోసే పంపింగ్ స్టేషన్ ఉంది. అక్కడి నుంచి బయలుదేరే పెద్ద పైపు తెల్లవారుజామున పగిలింది. మురుగు రోడ్డెక్కి, మా గేటు దాటి, సంపు మూత సందుల్లోంచి లోపలికి దిగింది. చీకట్లో ఎవరూ చూడలేదు. ఆరింటికి వాచ్‌మన్ రోజూలాగే మోటారు వేశాడు. ఏడింటికల్లా ఆ నీళ్లు 46 వంటిళ్లలో ఉన్నాయి.

మొదట పట్టుకున్నది రెండో అంతస్తులో ఉండే పెద్దావిడ. "ఏమమ్మా, కుళాయికి కాలువ వాసన వస్తోంది" అని మా తలుపు తట్టారు. అప్పటికే సగం మంది పళ్లు తోముకున్నారు, పిల్లలు తాగేశారు. పదకొండు మందికి వాంతులు, విరేచనాలు. ఇద్దరు పిల్లలను ఆసుపత్రిలో చేర్చాం. సంపు, పైట్యాంకులు రెండుసార్లు కడిగించడం, తొమ్మిది రోజుల ట్యాంకర్ నీళ్లు, ఆసుపత్రి బిల్లులు, పాడైన ఫిల్టర్లు కలిపి నా పద్దుల పుస్తకంలో 3,87,400 రూపాయలు తేలింది.

ఆ పంపింగ్ స్టేషన్ నడిపే సంస్థకు పరిహారం అడుగుతూ ఉత్తరం రాశాం. నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. భారీ వర్షం, విద్యుత్ అంతరాయం వల్ల అనుకోకుండా జరిగిందట. సిబ్బంది నిర్లక్ష్యం ఏమీ లేదట. అందువల్ల పరిహారం ప్రశ్నే రాదట. నెలనెలా నీటి బిల్లులో మురుగు చార్జీ కడుతున్న మనుషులం మేము. వాళ్ల తప్పు ఉందని మేము నిరూపిస్తే తప్ప ఒక్క రూపాయి కూడా రాదా? తెలిసినవాళ్లు చెప్పండి.

నిర్వాహకుడు | సోమవారం, రాత్రి 9:58

సంస్థ పేరు, జవాబుపై సంతకం చేసిన అధికారి పేరు పోస్టులోంచి తీసేశాను. మన ముందున్నది ఒక పక్షం మాటే. పేర్లు లేకుండా చర్చించండి.

పాత_పంపు | సోమవారం, రాత్రి 10:31

ముందు పిల్లలు ఎలా ఉన్నారమ్మా?

నాది నెల్లూరు. ఉద్యోగమంతా మురుగు పంపుల మధ్యే గడిచింది, ఇప్పుడు ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నాను. "భారీ వర్షం, విద్యుత్ అంతరాయం" అనే మాటలు నా చేత్తో నేనూ ఎన్నో ఉత్తరాల్లో రాశాను. వాటి కడుపులో ఏముంటుందో అందుకే చెప్పగలను.

బెంగళూరు మిట్ట మీది ఊరు. వృషభావతి, కోరమంగల-చల్లఘట్ట, హెబ్బాళ లోయల్లోకి మురుగు చాలావరకు వాలు వెంట తనంతట తానే పారుతుంది. వాలు కుదరని చోట బావిలో పోగుచేసి పంపుతో ఎత్తాలి. పంపు నుంచి వెళ్లే పైపులో నీరు ఒత్తిడి మీద నడుస్తుంది. కరెంటు హఠాత్తుగా పోతే పంపు ఆగుతుంది గాని పైపులో పరుగెడుతున్న నీరు ఆగదు. కొంత ముందుకు పోయి, వెనక్కి తిరిగి వచ్చి వాల్వును గుద్దుతుంది. కరెంటు రాగానే ఆత్రంగా పంపులన్నీ ఒకేసారి వేస్తే ఇంకో గుద్దు. ముసలి పైపు ఎక్కడో ఒకచోట నోరు తెరుస్తుంది. దీనికి మందు లేక కాదు. డీజిల్ జనరేటర్, గాలి వాల్వులు, పంపులను ఒకదాని తర్వాత ఒకటి వేసే పద్ధతి, అన్నీ ఎప్పటి నుంచో ఉన్నవే. కరెంటు పోవడం మన ఊళ్లలో వింతా ఏమిటి?

ఇక వాన సంగతి. ఇక్కడ వాననీటికి రాజకాలువలు వేరు, మురుగుకు గొట్టాలు వేరు. వాన పడితే మురుగు గొట్టం నిండకూడదు. నిండుతోందంటే ఎవరెవరి డాబా గొట్టాలో దొంగచాటుగా అందులో కలిసి ఉన్నాయన్నమాట.

ఒక్క ప్రశ్న. సంపులో బ్లీచింగ్ వేసే ముందు నీటి నమూనా తీసి పెట్టారా?

మూడో_అంతస్తు | సోమవారం, రాత్రి 10:50

పిల్లలు ఇంటికి వచ్చేశారు బాబాయిగారూ, ఇప్పుడు బాగున్నారు.

నమూనా తీశాం, అదీ మా తెలివి కాదు. మొదటి అంతస్తులో ఉండే అమ్మాయి ప్రయోగశాలలో పనిచేస్తుంది. మేమంతా బ్లీచింగ్ డబ్బా మూత తీస్తుంటే ఆగమని అరిచింది. ఉడికించిన సీసాల్లో సంపు నుంచి ఒకటి, పైట్యాంకు నుంచి ఒకటి, రోడ్డు మీది గుంట నుంచి ఒకటి పట్టి, ఐసు పెట్టెలో సర్ది, మధ్యాహ్నంలోపు ల్యాబుకు పంపింది. మూడింటిలోనూ ఈ.కోలి, అంటే మలంలో ఉండే క్రిమి తేలింది. ఆ రిపోర్టు ఉంది.

పాత_పంపు | సోమవారం, రాత్రి 11:04

ఆ అమ్మాయికి నా తరఫున మిఠాయి పెట్టండి. తాగే నీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్క ఈ.కోలి కూడా కనిపించకూడదు. బ్లీచింగ్ పడ్డాక తీసి ఉంటే రిపోర్టు సుబ్బరంగా వచ్చేది, మీ నోరు మూతపడేది.

సైదాపేట_వకీలు | మంగళవారం, ఉదయం 7:15

చెన్నైలో ప్రాక్టీసు. కాగితాలు చూడకుండా రాస్తున్న అభిప్రాయం ఇది, సలహాగా తీసుకోకండి.

మీ ప్రశ్నకు మూలం ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని తవ్వించిన జలాశయం. అందులోని నీరు అడుగున ఉన్న పాత గనుల దారుల్లోంచి పక్కవాడి బొగ్గు గనిలోకి దిగింది. యజమాని తప్పేమీ లేదు, కట్టింది వేరే పనివాళ్లు. అయినా 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం) తేల్చినది ఏమిటంటే, తప్పించుకుపోతే కీడు చేసే వస్తువును నీ స్థలంలో పోగుచేసుకున్నప్పుడు అది బయటపడితే నష్టం భరించాల్సింది నువ్వే. రైలాండ్స్, ఫ్లెచర్ కేసు అంటారు. న్యాయ కళాశాలలో మొదటి ఏడాదే అందరి చేతా వల్లె వేయిస్తారు. కఠిన బాధ్యత అన్న మాట అక్కడి నుంచే. కాని దానికి మినహాయింపులు ఉన్నాయి: దైవిక విపత్తు, మూడో మనిషి చేసిన పని, చట్టం అప్పగించిన విధి వంటివి. మీకు వచ్చిన నాలుగు వాక్యాల ఉత్తరం ఈ కిటికీల్లోంచి బయటికి దూకే ప్రయత్నమే.

మన తెలుగువాళ్లకు దగ్గరి కథ ఒకటి. చిత్తూరు జిల్లా కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వానలకు తెగి మద్రాసు రైల్వే కంపెనీకి నష్టం జరిగింది. కంపెనీ రైలాండ్స్ సూత్రాన్ని పట్టుకుని దావా వేసింది. 1874లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకు లండన్‌లో ఉన్న చివరి కోర్టు) ఒప్పుకోలేదు. ఈ చెరువులు జమీందారు సొంత లాభానికి తవ్వుకున్నవి కావు, తరతరాలుగా రైతుల బతుకు వాటి మీదే, వాటిని నిలబెట్టడం ఆయన విధి, కాబట్టి నిర్లక్ష్యం చూపితే తప్ప బాధ్యత లేదు అంది. "మేము ప్రజల కోసం చట్టబద్ధమైన విధి నిర్వహిస్తున్నాం" అని ఇవాళ ఏ సంస్థ అన్నా ఆ చెరువు గట్టు మీద నిలబడే అంటోంది.

అయితే ఆ తర్వాత కాలువల్లో చాలా నీరు పారింది. కోర్టు పిలుస్తోంది, సాయంత్రం రాస్తాను.

అణా_పైసా | మంగళవారం, ఉదయం 9:20

పాఠం బాగుంది గాని నాకు ఒక లెక్క తేలడం లేదు. పరిహారం ఎవరు కడతారు? ఆ సంస్థ. దానికి డబ్బు ఎక్కడిది? మన బిల్లులు, మన పన్నులు. మూడో అంతస్తు మేడంకు ఇచ్చే 3,87,400 రూపాయలు నా బిల్లులో, మీ బిల్లులో పైసలుగా పడతాయి. తప్పున్నా లేకపోయినా కట్టమంటే ఊరంతా ఊరికే కట్టుకోవడమే కదా. ప్రైవేటు ఫ్యాక్టరీకి పెట్టిన సూత్రాన్ని లాభాపేక్ష లేని సేవకు పెట్టడం న్యాయమా?

వర్తూరు_వాసి | మంగళవారం, ఉదయం 9:47

అణా పైసా గారూ, ఆ లెక్క మేము కళ్లారా చూశాం. బెళ్లందూరు చెరువు నురగ రోడ్ల మీదికి ఎగిరి వచ్చి స్కూటర్ల మీద కూర్చునేది. 2015లో, మళ్లీ 2017లో చెరువే అంటుకుంది. నీళ్లు మండటం అంటే ఏమిటో చూడాలంటే మా వైపు రావాల్సి వచ్చేది. 2018 డిసెంబరులో పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 50 కోట్లు, నగర పాలికకు 25 కోట్లు వడ్డించి, చెరువు బాగుకోసం 500 కోట్లు విడిగా ఉంచమంది. పేపర్లో చదివి పండగ చేసుకున్నాం. తర్వాత తీరికగా ఆలోచిస్తే, ప్రభుత్వపు ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. ఆ నురగలో బండి మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న మా అల్లుడికి మాత్రం పైసా లేదు.

పాత_పంపు | మంగళవారం, ఉదయం 10:30

అణా పైసా గారికి లోపలి మనిషిగా జవాబు చెబుతాను. పైపు మార్చాలని మేము ఫైలు పెట్టేవాళ్లం. "ఇప్పటికి నడుస్తోంది కదా" అని తిరిగి వచ్చేది. ఎందుకంటే మార్చడానికి అయ్యే ఖర్చు మా పద్దులో కనిపిస్తుంది. పగిలితే అయ్యే ఖర్చు కనిపించదు, అది వీధిలోని సంపుల్లో, ఆసుపత్రి బిల్లుల్లో చెదిరిపోతుంది. పగిలిన ప్రతిసారీ పరిహారం మా పద్దులోకే వచ్చి పడితే, మూడోసారికి ఆ పైపు ఫైలు దానంతట అదే నడిచి వెళ్తుంది. తప్పు ఎవరిదని విచారణలు పెడితే ఏమవుతుందో కూడా చూశాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కాంట్రాక్టు ఆపరేటర్ ఉద్యోగం పోతుంది, పైపు మాత్రం అలాగే ఉంటుంది.

మీ బిల్లులో పైసలు పడతాయన్నది నిజమే. ఊరందరి మురుగు ఆ పైపులో పోతున్నప్పుడు దాని నష్టం ఊరందరూ పైసల్లో మోయడం మేలా, 46 ఇళ్లు లక్షల్లో మోయడం మేలా?

అణా_పైసా | మంగళవారం, ఉదయం 10:52

చివరి వాక్యానికి నా దగ్గర జవాబు లేదు. మొదటి పేరాకు మాత్రం ఉంది: అంత చక్కగా నడిచే పద్దుల సంస్థను నేను ఆడిట్‌లో ఇంతవరకు చూడలేదు.

సైదాపేట_వకీలు | మంగళవారం, సాయంత్రం 6:40

పొద్దున ఆపిన చోటి నుంచి.

భోపాల్ జరిగిన ఏడాదికి, 1985 డిసెంబరులో, ఢిల్లీలో శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైంది. ఆ కేసులో 1986 డిసెంబరులో జస్టిస్ భగవతి ధర్మాసనం రైలాండ్స్ మినహాయింపులన్నిటినీ పక్కన పెట్టింది. ప్రమాదకరమైన పని చేసి లాభం పొందేవాడికి ఏ సాకూ లేదు, సంపూర్ణ బాధ్యతే అంది. 1996లో రెండు తీర్పులు వచ్చాయి. రాజస్థాన్‌లోని బిచ్‌హ్రీ గ్రామపు రసాయన కంపెనీల కేసు ఒకటి, మా తమిళనాడులో పాలారు ఒడ్డు తోళ్ల కార్ఖానాల కేసు మరొకటి. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్నది ఈ దేశపు చట్టంలో భాగమని వాటితో స్థిరపడింది.

"అవన్నీ విష రసాయనాలు, మురుగు వేరు" అని ఎదుటి వకీలు అంటాడు. నేనైనా అంటాను. దానికి జవాబు 2002 నాటి మధ్యప్రదేశ్ విద్యుత్ మండలి కేసు. రాత్రి వేళ, వాననీళ్లు నిలిచిన రోడ్డు మీద తెగిపడిన తీగ తగిలి సైకిలు మీద వెళ్తున్న ఒక మనిషి చనిపోయాడు. ఎవరో కరెంటు దొంగిలించడానికి తీగ లాగారు, మా తప్పేముంది అంది మండలి. అంతటి ప్రమాదకరమైన వస్తువును సరఫరా చేసే సంస్థకు జాగ్రత్తపడ్డామన్న వాదన, మూడో మనిషి మీద నెట్టే వాదన రెండూ పనికిరావు అంది సుప్రీంకోర్టు. అది లాభాల ఫ్యాక్టరీ కాదు, ప్రజలకు సేవ చేసే మండలే. అణా పైసా గారు గమనించాలి.

మీకు అన్నిటికంటే దగ్గరి చట్టం 2010 నాటి హరిత ట్రైబ్యునల్ చట్టం. 17వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ఒకే వాక్యం: ప్రమాదం విషయంలో తప్పుతో నిమిత్తం లేని సూత్రాన్నే ట్రైబ్యునల్ పాటించాలి. పాటించవచ్చు అనలేదు. ఆ చట్టంలో ప్రమాదం అంటేనే హఠాత్తుగా, ఉద్దేశం లేకుండా జరిగినది. అంటే "అనుకోకుండా జరిగింది" అని వాళ్లు రాసి ఇచ్చిన ఉత్తరం వాళ్లకు రక్షణ కాదు, మీకు సాక్ష్యం. దాన్ని లామినేషన్ చేయించండి.

ఒక మెలిక ఉంది. ఆ నిర్వచనంలో ప్రమాదకర పదార్థాన్నో, పరికరాన్నో, ప్లాంటునో, వాహనాన్నో నిర్వహిస్తుండగా జరగాలని ఉంది. మురుగు ప్రమాదకర పదార్థమా అన్న చర్చలోకి దిగకండి, అది ఊబి. పంపింగ్ స్టేషన్ ఒక ప్లాంటు, పంపు ఒక పరికరం అని పట్టుకోండి. పరిహారానికి గడువు అయిదేళ్లు. కర్ణాటక కేసులు వినేది చెన్నైలోని దక్షిణ ధర్మాసనమే.

కొత్తిమీర | మంగళవారం, సాయంత్రం 7:05

రోజూ ఇక్కడ దోసెల గురించి కొట్టుకునే మనం ఇవాళ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లాం. చదువుతున్నాను, కానివ్వండి.

మాంచెస్టర్_మబ్బు | మంగళవారం, రాత్రి 11:36

పదేళ్లు బెంగళూరులో ఉండి ఇప్పుడు ఇటు వచ్చాను, నీటి శుద్ధి పనే. వకీలు మేడం చెప్పినదానికి ఇక్కడి నుంచి ఒక తోక.

ఈ దేశంలో 1951 నాటి నదుల చట్టం, నదిలో కాలుష్యం "కలిపినా, తెలిసి కలవనిచ్చినా" నేరం అంది. "తెలిసి" అన్న మాట రెండోదానికే అంటుకుంది. ఇర్వెల్ నది ఒడ్డున ఒక కాగితం మిల్లు తొట్టి పొంగింది. పంపు నోటికి ముళ్లతీగలు, ఆకులు అడ్డుపడ్డాయి. ఎవరికీ తెలియదు, ఎవరూ నిర్లక్ష్యం చేసినట్టు రుజువూ లేదు. అయినా కలిపింది మిల్లే కాబట్టి నేరమే అన్నారు 1972లో లార్డ్స్. మన దేశపు 1974 నీటి చట్టం 24వ సెక్షన్‌లో మాత్రం ఆ మాట ముందుకు జరిగింది: "తెలిసి కలపరాదు, కలవనివ్వరాదు" అన్న అర్థంలో రాశారు. ఒక్క మాట రెండడుగులు జరగడంతో కఠిన బాధ్యత కాస్తా ఆవిరైంది. కావాలని జరిపారో, రాతలో జరిగిందో గాని, నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

మురుగు కంపెనీల మీద కూడా ఇక్కడ తీర్పులు ఉన్నాయి. 1990లలో యార్క్‌షైర్‌లో ఎవరో రాత్రిపూట రసాయనం గొట్టంలో పోశారు. అది శుద్ధి కేంద్రం దాటి నదిలో కలిసింది. కలిపింది కంపెనీయే అని లార్డ్స్ ఒప్పుకుంటూనే, సహేతుకంగా ఆపలేని పరిస్థితి అని చట్టంలోని ప్రత్యేక రక్షణ కింద వదిలేశారు. 2003లో ఇంట్లోకి పదేపదే మురుగు వచ్చిన ఒకాయన థేమ్స్ వాటర్ మీద ఓడిపోయాడు, నియంత్రణ సంస్థ దగ్గరికి వెళ్లమన్నారు. 2024 జూలైలో మా ఊరి ఓడల కాలువ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు కొంత తెరిచింది: శుద్ధి చేయని మురుగు వదిలితే ఆస్తిదారులు నేరుగా దావా వేయవచ్చు అంది. ఒక్క దేశంలోనే ఇన్ని మలుపులు. ఎక్కడా ఇది తేలిపోయిన వ్యవహారం కాదు.

సైదాపేట_వకీలు | బుధవారం, ఉదయం 7:02

"తెలిసి" గురించి మబ్బు గారు చెప్పింది ముమ్మాటికీ నిజం. కాని అది శిక్ష వేయడానికి సంబంధించినది. ఈ అపార్ట్‌మెంట్‌కు కావలసింది ఎవరినో శిక్షించడం కాదు, ఖర్చు రాబట్టుకోవడం. దానికి 24వ సెక్షన్ తలుపు తట్టనక్కరలేదు.

ఇంకో మాట. డబ్బు లేదన్న సాకు గురించి. 1980లో రత్లాం పురపాలిక కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తోసిపుచ్చారు. కాలువలు కట్టడానికి నిధులు లేవంటే కుదరదన్నారు. అది ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని మేజిస్ట్రేటు ఆదేశించే సెక్షన్, అప్పటి సీఆర్పీసీ (నేర విచారణ స్మృతి) 133 కింద వచ్చింది, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 152. ఆ గుంట ఇంకా అలాగే ఉంటే మేజిస్ట్రేటు ముందు అదే వేయవచ్చు.

కోలారు_మామిడి | బుధవారం, ఉదయం 8:30

మీ మురుగు మీ సంపులోకి వస్తే ఇంత గొడవ. శుద్ధి చేశామంటూ కోరమంగల-చల్లఘట్ట లోయ నీటిని మా కోలారు చెరువుల్లో నింపుతున్నారు. 2018లో నీళ్లు వచ్చిన కొత్తల్లోనే నురగ కనిపించింది, వ్యవహారం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఎండిన చెరువు నిండితే రైతుకు సంతోషమే, నేను కాదనను, మా బోర్లలో నీళ్లు పైకి వచ్చాయి. కాని రేపు శుద్ధి కేంద్రంలో ఒక రాత్రి ఏదో చెడిపోయి పచ్చి మురుగు మా దాకా వస్తే, మా బోరు పాడైంది ఆ రాత్రి వల్లనే అని మేము ఎలా చూపాలి? తప్పు నిరూపించనక్కరలేదన్నారు, సరే. కారణం మాటేమిటి?

సైదాపేట_వకీలు | బుధవారం, ఉదయం 8:55

ఈ చర్చ అంతటిలో అసలైన ప్రశ్న ఇదే. నిర్లక్ష్యం నిరూపించే బరువు చట్టం దించింది. కారణం నిరూపించే బరువు మీ భుజం మీదే ఉంది. కేసులు ఓడిపోయేది అక్కడే. ఫలానా పైపు, ఫలానా రాత్రి, ఆ మురుగే మా సంపులోకి, ఆ నీళ్లే పిల్లల కడుపులోకి అన్న గొలుసులో ఒక్క లింకు తెగినా అంతే.

మూడో అంతస్తు గారికి ఉన్న బలం ఆ మూడు సీసాలు. రోడ్డు గుంటలోనూ సంపులోనూ ఒకటే తేలడం మంచి లింకు. కోలారు గారూ, మీ బోరు బాగున్నప్పుడే ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి. పాడవక ముందు ఎలా ఉండేదో చూపలేనివాడికి పాడైందని చెప్పే హక్కు ఉన్నా లాభం ఉండదు.

పాత_పంపు | బుధవారం, ఉదయం 9:40

పంపింగ్ స్టేషన్‌లో లాగ్ పుస్తకం ఉంటుంది. ఏ పంపు ఎన్నింటికి వేశారు, ఎన్నింటికి ఆగింది, జనరేటర్ నడిచిందా, డీజిల్ ఎంత పోశారు. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఆ వారం పేజీలు అడగండి. "సంఘటన వివరాలు" అని అడిగితే వ్యాసం రాసి పంపుతారు. "లాగ్ పుస్తకం నకలు" అని అడగండి.

పగిలిన చోట బాగుచేసినప్పుడు గుంటలోకి ఎవరు దిగారు, చూశారా?

మూడో_అంతస్తు | బుధవారం, మధ్యాహ్నం 1:15

చూశాను. ఇద్దరు కుర్రాళ్లు. నడుము దాకా మురుగు, చేతులకు తొడుగులు కూడా లేవు. పైన నిలబడ్డ సూపర్‌వైజర్ ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. టీ ఇస్తే ఆ పిల్లలు గేటు బయటే నిలబడి తాగారు, లోపలికి రమ్మన్నా రాలేదు. మా నష్టం లెక్క రాసేటప్పుడు వాళ్లు గుర్తుకు రాలేదని ఇప్పుడు మీరు అడిగితే గాని తట్టలేదు.

పాత_పంపు | బుధవారం, మధ్యాహ్నం 1:40

పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దింపడం నేరం. మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు పది లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. అక్కడా తప్పు ఎవరిదన్న ప్రశ్న ముందు రాదు, ఇవ్వవలసిందే. నా ఉద్యోగంలో అలాంటివి రెండు చూశాను. వాటి గురించి ఇక్కడ రాయను.

అణా_పైసా | బుధవారం, రాత్రి 8:10

అందరూ చెన్నై, ఢిల్లీ, లండన్ తిప్పుతున్నారు. ఇంటి పక్క దారి ఒకటి నాకు తెలుసు. బీమా గొడవలో నేను వెళ్లాను.

శాశ్వత లోక్ అదాలత్. 1987 న్యాయసేవల చట్టానికి 2002లో చేర్చారు. ప్రజావసర సేవల గొడవల కోసమే పెట్టారు. నీటి సరఫరా, పారిశుద్ధ్యం ఆ జాబితాలో పేరు పేరునా ఉన్నాయి. కోటి రూపాయల దాకా వినవచ్చు, కోర్టు ఫీజు లేదు. ముందు రాజీకి చూస్తారు. కుదరకపోతే మామూలు లోక్ అదాలత్‌లా చేతులెత్తేయరు, వాళ్లే తేల్చి ఉత్తర్వు ఇస్తారు. సాక్ష్యాల చట్టపు పట్టింపులూ ఉండవు. షరతు ఒకటే, అంతకుముందు ఇదే గొడవతో వేరే కోర్టుకు వెళ్లి ఉండకూడదు. ఉత్తర్వు మీద అప్పీలు లేదు, అది మీకు అనుకూలమో ప్రతికూలమో ముందే చెప్పలేం.

హరిత ట్రైబ్యునల్‌లో అడిగిన పరిహారంపై ఒక శాతం ఫీజు, చెన్నై ప్రయాణాలు, వకీలు గారి ఫీజు (క్షమించాలి మేడం). నాలుగు లక్షలకు అది గిట్టదు.

సైదాపేట_వకీలు | బుధవారం, రాత్రి 8:32

క్షమించాను. ఈ మొత్తానికి అదే సరైన దారి, నాకే ముందు తట్టవలసింది. తప్పుతో నిమిత్తం లేదన్న సూత్రం అక్కడ కూడా వాదించండి. న్యాయం, సమానత్వం చూసి తేల్చమనే ఆ చట్టం చెబుతుంది.

ఎస్‌టీపీ_బాధితుడు | గురువారం, ఉదయం 6:50

ఆలస్యంగా చూశాను. మాది 300 ఇళ్లు, సొంత ఎస్‌టీపీ, అంటే మురుగు శుద్ధి కేంద్రం ఉంది. నిరుడు వానాకాలంలో మురుగులోకి గాలి ఊదే బ్లోయర్ చెడిపోయి రెండు రోజులు శుద్ధి కాని నీరు రాజకాలువలోకి పోయింది. కింద ఉన్న చిన్న చెరువులో చేపలు తేలాయి. కంపెనీ మనిషి రాలేదు, విడిభాగం దొరకలేదు, మా తప్పేమీ లేదు అని మేమూ అచ్చం ఆ నాలుగు వాక్యాల ఉత్తరమే రాశాం. ఈ చర్చ చదివాక దాన్ని మళ్లీ తీసి చూశాను. అక్షరం తేడా లేదు.

సూత్రం అంటూ పెడితే అది మన అసోసియేషన్లను కూడా పట్టుకుంటుంది. ఇక్కడ చప్పట్లు కొడుతున్న ఎంతమంది ఇళ్లలో ఎస్‌టీపీ సరిగ్గా నడుస్తోంది?

పాత_పంపు | గురువారం, ఉదయం 9:05

మంచి ప్రశ్న. దానితోబాటు నేను సోమవారం అన్న మాట మళ్లీ అంటాను. మూడో అంతస్తు అమ్మా, మీ డాబా మీది వాననీరు ఎక్కడికి పోతోంది? ప్లంబర్‌ను పిలిచి, డాబా గొట్టంలో రంగునీళ్లు పోసి చూడండి.

మూడో_అంతస్తు | ఆదివారం, సాయంత్రం 5:30

పసుపు కలిపి పోశాం. నాలుగు గొట్టాల్లో రెండు ఇంకుడు గుంతలోకి పోతున్నాయి. మిగతా రెండు వెనక ఉన్న మురుగు చాంబర్లో తేలాయి. పచ్చగా. బిల్డర్ అలాగే కలిపేసి వెళ్లాడట, తొమ్మిదేళ్లుగా ఎవరికీ తెలియదు. అంటే ఆ శుక్రవారం రాత్రి మా డాబా వాన కూడా ఆ పంపు బావిలోకే వెళ్లింది.

అసోసియేషన్ సమావేశంలో పెద్ద రభస. ఈ సంగతి బయట పెట్టవద్దని సగం మంది. తిలాపాపం తలా పిడికెడు, అందరి అపార్ట్‌మెంట్లదీ ఇదే కథ అని కొందరు. ఇప్పుడు మనం పరిహారం అడగవచ్చా లేదా?

సైదాపేట_వకీలు | ఆదివారం, సాయంత్రం 6:12

అడగవచ్చు. అనేక కారణాలు కలిసి నష్టం చేస్తే ఎవరి వాటా ఎంతో న్యాయంగా పంచమని హరిత ట్రైబ్యునల్ చట్టమే చెబుతుంది. లోక్ అదాలత్ కూడా ఆ దారినే నడుస్తుంది. మీ రెండు గొట్టాల వల్లనే పైపు పగిలిందని ఎవరూ నిలబెట్టలేరు. కాని ఎదుటివాళ్లు కనిపెట్టి చెబితే మీరు దొంగలవుతారు, మీరే చెబితే సాక్షులవుతారు. గొట్టాలు వేరు చేయించి, తేదీతో ఫొటోలు తీసి, దరఖాస్తులోనే ఒక పేరా రాయండి.

మూడో_అంతస్తు | తరువాతి శనివారం, ఉదయం 11:20

31 ఓట్లతో తీర్మానం నెగ్గింది. ఎనిమిది మంది వ్యతిరేకం, మిగతావాళ్లు రాలేదు. నిన్న లోక్ అదాలత్‌లో దరఖాస్తు ఇచ్చాం. వాళ్ల నాలుగు వాక్యాల ఉత్తరం, ల్యాబ్ రిపోర్టు, బిల్లులు, గొట్టాల ఫొటోలు, ఆ పేరా, అన్నీ జత చేశాం. లాగ్ పుస్తకం నకలు ఇంకా రాలేదు. మొదటి వాయిదా వచ్చే నెల 14న.

గొట్టాలు విడదీయించడానికి ప్లంబర్‌కు 14,200 అయింది. అది నష్టం లెక్కలో కలపలేదు, విడి పేజీలో రాశాను.